శైలజ సీసాలు

కొడుకు నోయల్ పెళ్ళికి సువర్ణకుమారి వెళ్ళింది గాని విస్తరి ముందు కూర్చోలేదు. తలనొప్పిగా ఉందని చెప్పి ఆటో ఎక్కి కాసిడీహ్‌లోని తన అద్దె ఇంటికి వచ్చేసింది. తెలుగు చర్చిలో తను ఎరిగిన ఆడపిల్లలు అంతమంది ఉండగా కొడుకు ఏరికోరి శైలజను చేసుకోవడం ఆమెకు మింగుడుపడలేదు. శైలజ తండ్రి పలాస వైపు నుంచి కాంట్రాక్టు పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లోనే ఉండిపోయిన మనిషి. ఇంట్లో దేవుడి పటాలు, శుక్రవారం దీపాలు. పిల్ల ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, ఒక చిన్న బడిలో పంతులమ్మగా చేరింది. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోయేది. పెళ్ళయ్యాక అత్తాకోడళ్ళ మధ్య క్రిస్మస్‌కి ఒక పలకరింపు, దసరాకి ఒక స్వీటు డబ్బా. అంతకు మించి రాకపోకలు లేవు.

కూతురు ప్రసన్న పుట్టిన నెలలోనే శైలజ రొమ్ములో గట్టిగా ఏదో తగిలింది. పాలు గడ్డకట్టాయనుకున్నారు. వేడి కాపడం పెట్టారు, క్యాబేజీ ఆకు కట్టారు. తీరా ఆసుపత్రిలో చూపిస్తే అది పాలగడ్డ కాదు. మందు ఎక్కించే ముందు పిల్లకు రొమ్ము మాన్పించమన్నారు. ఆ సాయంత్రం నోయల్ తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు రా" అన్నాడు. వేరే మాట లేదు. సువర్ణకుమారి కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, ఇంటికి తాళం వేసి, టెల్కో కాలనీలో కొడుకు క్వార్టర్‌కి వచ్చేసింది.

పిల్లకు డబ్బా పాలు మొదలుపెట్టారు. శైలజ జుట్టంతా ఊడిపోయింది. తలకి రుమాలు కట్టుకుని మంచం మీద కూర్చుని, అత్తగారు పిల్లకు సీసాతో పాలు పట్టడం చూస్తూ ఉండేది. సువర్ణకుమారి ఆ చూపును తట్టుకోలేక గోడ వైపు తిరిగి కూర్చునేది.

ఎండాకాలం వచ్చేసరికి మందులు పనిచెయ్యడం లేదని డాక్టర్లు నోయల్‌ని పక్కకి పిలిచి చెప్పారు. అతను చెప్పకముందే శైలజకి తెలిసిపోయింది. ఆ వారమే ఆమె నోయల్‌ని బిష్టుపూర్ బజారుకి పంపి అట్టపెట్టెలకొద్దీ గాజు సీసాలు తెప్పించింది. ఆపిల్ పళ్ళు, బేరిపళ్ళు, సపోటాలు తెప్పించింది. మామిడిపళ్ళు పిల్లకు వేడి చేస్తాయని, నారింజ పులుపు గొంతుకి పడదని వద్దంది. ఫోన్‌లో ఎక్కడెక్కడివో వీడియోలు చూసి పద్ధతి నేర్చుకుంది. పళ్ళు చెక్కు తీసి, ముక్కలు కోసి, మెత్తగా ఉడికించి, మిక్సీలో వేసి, జల్లెడ పట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి చిక్కబడేదాకా కలిపేది. సీసాల్లోకి పోసి మూత బిగించి, పెద్ద గిన్నెలో అడుగున గుడ్డ పరిచి, ఆ సీసాలను నీళ్ళలో నిలబెట్టి చాలాసేపు మరిగించేది. నిలబడలేకపోయినప్పుడు స్టూలు వేసుకుని కూర్చుని కలిపేది. గరిటె తనకిమ్మని సువర్ణకుమారి ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు.

"ఫ్రిజ్జులో పెట్టుకుంటే సరిపోదేటమ్మా, ఇంత కష్టం ఎందుకు?" అని అడిగిందొకసారి.

"గడ్డకట్టే అర చాలా చిన్నది అత్తమ్మా. దాంట్లో ఎన్ని పడతాయి? ఇలాగైతే ఏడాదిదాకా చెడిపోవు." కాస్సేపు ఊపిరి తీసుకుని శైలజ మళ్ళీ అంది. "నా పాలు దానికి దక్కలేదు. నా చేతి తిండైనా తిననీయండి."

సువర్ణకుమారి పళ్ళ తొక్కలు పోగుచేసి బయట పారేయడానికి వెళ్ళింది. వెనక కాలవ దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చింది. ఈ పిల్ల పెళ్ళిలో తను అన్నం తినకుండా వచ్చేసిందని ఆ పూట ఎందుకో పదేపదే గుర్తొచ్చింది.

వంటింటి గూళ్ళు నిండిపోయాక మిగతా సీసాలను ముందు గదిలో కిటికీ పక్క చెక్కబల్ల మీద వరసగా పేర్చారు. పొద్దుటి ఎండ వాటిలోంచి పడితే గది తేనెరంగులోకి మారేది. పోయే ముందు శైలజ నోయల్ దగ్గర మాట తీసుకుంది, మొదటి ఏడాది పిల్లకు బయటి పండూ, బయటి రసమూ ఏదీ పెట్టవద్దని. వానలు మొదలైన వారంలో ఆమె పోయింది. పుట్టింటివాళ్ళ కోరిక ప్రకారం సువర్ణరేఖ నది ఒడ్డున దహనం చేశారు. చర్చివాళ్ళలాగా పూలు పెట్టి రావడానికి సమాధి లేదు. నోయల్‌కి వెళ్ళి కూర్చునేందుకు ఒక చోటంటూ లేకుండా పోయింది.

అందుకే అతనికి ఆ సీసాలంటే అంత ప్రాణం. షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనే మూత తీసేవాడు. తిరుగుతున్న మూత టప్‌మని ఊడగానే ప్రసన్న రెండు కాళ్ళూ ఆడించేది. తినిపిస్తున్నంతసేపూ అతని ముఖంలో కాస్త వెలుగుండేది. ఆ తరవాత మళ్ళీ మనిషి మాట్లాడేవాడు కాదు. కొడుకు ముఖంలో ఆ వెలుగు చూడటానికే సువర్ణకుమారి రోజంతా సాయంత్రం కోసం ఎదురుచూసేది.

మిగతా పూటలు పిల్లకు పెట్టేది ఆమే. అయితే సీసాలోంచి తీసింది తీసినట్టు పెట్టేది కాదు. మళ్ళీ గిన్నెలో వేసి బుడగలు వచ్చేదాకా కుతకుతలాడించేది. దానికి కారణముంది. నోయల్‌కి ముందు ఆమెకు ఒక మగబిడ్డ పుట్టాడు. అప్పుడింకా భర్తకి క్వార్టరు రాలేదు, బస్తీలో ఉండేవారు. కుళాయి నీళ్ళు పడక వాంతులు విరేచనాలు పట్టుకుని ఆ బిడ్డ ఒక్క రోజులో వాడిపోయి ఆమె చేతుల్లోనే పోయాడు. ఆనాటి నుంచి ఆమె మరిగించని నీళ్ళు తాగలేదు, తాగనివ్వలేదు. పాలు కూడా మూడు పొంగులు రానిస్తేగాని దించేది కాదు. డబ్బా పాలు పిల్లకు మలబద్ధకం చేస్తున్నాయని ఏడో నెలలో ప్యాకెట్ పాలకి మార్చింది కూడా ఆమే. నోయల్‌ని అడిగితే, నీకు తెలిసినట్టు చెయ్యమన్నాడు.

పిల్ల బొద్దుగా తయారైంది. చర్చిలో అందరూ బుగ్గలు పట్టుకుని ముద్దుచేసేవారు. తల్లిలేని పిల్లను ఇంత బాగా పెంచుతున్నావని మెచ్చుకున్నప్పుడల్లా సువర్ణకుమారి ఇది దాని తల్లి వండి పెట్టిన తిండి అని చెప్పేది. అలా చెబుతున్నప్పుడు ఆమెకు కొంత భారం దిగినట్టుండేది.

పక్క క్వార్టర్లో జోగమ్మ ఉండేది. శ్రీకాకుళం మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది. చలి మొదలయ్యాక నాగపూర్ నారింజలు బజారుకొచ్చాయి. ఒకరోజు జోగమ్మ ఒక తొన పొట్టు ఒలిచి ప్రసన్న నోటికి అందించబోయింది. సరిగ్గా అప్పుడే నోయల్ వాకిట్లోకి వచ్చాడు. ఆమె చేతిలోంచి ఆ తొన తీసేసి, "ఇది వద్దు పిన్నీ. శైలూ వద్దంది" అన్నాడు. మాట మెత్తగానే అన్నాడు గాని ఆ తరవాత జోగమ్మ పిల్లకు ఏమీ పెట్టలేదు.

నవంబరు నెలాఖరులో ప్రసన్న పేచీ పెట్టడం మొదలుపెట్టింది. పళ్ళు వస్తున్నాయి గదా అనుకున్నారు. తరవాత గుడ్డ మార్చడానికి కాళ్ళు ఎత్తితే గుక్కపట్టి ఏడ్చేది. కుర్చీ పట్టుకుని నిలబడే పిల్ల నిలబడటం మానేసింది. కప్పను వెల్లకిలా పడేసినట్టు రెండు కాళ్ళూ మోకాళ్ళ దగ్గర మడిచి, పక్కలకి వాల్చి, కదలకుండా పడుకునేది. ఎవరైనా దగ్గరికి వస్తుంటేనే, ఇంకా ముట్టుకోకముందే, భయంతో ఏడ్చేది. సువర్ణకుమారి అడుగుల చప్పుడు విన్నా ఏడ్చేది. అది ఆమెకు గుండెల్లో కత్తి దింపినట్టుండేది. ఒక ఉదయం పాలు పట్టబోతే పై చిగురు ఊదారంగులో ఉబ్బి కనిపించింది. రబ్బరు పీక మీద నెత్తురు అంటింది.

కాలనీలో చూపించిన డాక్టరు పిల్ల మోకాలు నొక్కి చూసి, ఎక్కడైనా పడిందా అని అడిగాడు. పడలేదని సువర్ణకుమారి చెప్పింది. మంచం మీంచిగాని, చేతుల్లోంచిగాని జారిందా అని మళ్ళీ అడిగాడు. ఆ మాట అడుగుతూ ఆమె వైపు కాక నోయల్ వైపు చూశాడు.

నోయల్ ఇంటికొచ్చి తలుపు వేశాక అడిగాడు. "సచ్ బోలో అమ్మా, నిజం చెప్పు. పడేశావా?"

"నేదురా నాయనా."

"పడేస్తే పడేశానని చెప్పు. నేనేమీ అనను. డాక్టరుకి తెలియాలి."

"నా చేతిలోంచి పిల్ల జారిపోతే నాను బతికుంటానేటిరా?"

అతను నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు జోగమ్మ ఇంటికి వెళ్ళి, పగటిపూట ఒకసారి వచ్చి చూసి వెళ్ళమని చెప్పాడు. ఎందుకు చెప్పాడో జోగమ్మకు అర్థమైంది. సువర్ణకుమారికీ అర్థమైంది. జోగమ్మ వచ్చి పీట మీద కూర్చుని ఊరి కబుర్లు చెప్పి వెళ్ళిపోయేది.

నొప్పి తగ్గలేదు సరికదా ఒక తొడ వాచి నిగనిగలాడింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నెత్తురు తీశారు. అక్కడి కుర్ర డాక్టరు నోయల్‌ని పక్కకు తీసుకెళ్ళి, ఎముకల్లో నొప్పి, చిగుళ్ళలో రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉన్నాయి కాబట్టి నెత్తురుకి సంబంధించిన పెద్ద జబ్బు కాదని తేల్చుకోవాలన్నాడు. తల్లి దేనితో పోయిందని అడిగాడు. నోయల్ చెప్పాడు. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పిల్ల తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీసేటప్పుడు తలుపవతల వాళ్ళిద్దరూ నిలబడ్డారు. లోపలి నుంచి ప్రసన్న అరుపు వినిపించి, తరవాత ఆగిపోయింది. మత్తు ఇచ్చారని నర్సు చెప్పింది. నోయల్ గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. సువర్ణకుమారి అతని వీపు మీద చెయ్యి వేస్తే భుజం పక్కకి తిప్పేసుకున్నాడు. ఆమె ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. పిల్ల దేహాన్ని కూడా ఆ జబ్బే తినేస్తే ఈ కొడుకు బతకడని, ఆ సంగతి మాత్రమే ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది.

నెత్తురులో గాని మూలుగలో గాని ఏ జబ్బూ కనిపించలేదు. కనిపించనందుకు సంతోషించాలో, ఇంకేముందోనని భయపడాలో తెలియని స్థితిలో ఉండగా, రిటైరైపోయినా వారానికి ఒకరోజు వచ్చి చూసే ఒక పెద్ద డాక్టరమ్మకి ఎక్స్‌రేలు చూపించారు. తెల్ల జుట్టు, సన్నగా ఉండే బెంగాలీ ఆవిడ. మోకాళ్ళ దగ్గర ఎముకల చివర్ల వైపు చాలాసేపు చూసింది. పిల్ల పెదవి ఎత్తి చిగురు చూసింది. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, పిల్ల ఏం తింటుందని హిందీలో అడిగింది.

సువర్ణకుమారి చెప్పింది. కొంచెం గర్వంగానే చెప్పింది. కోడలు పోయే ముందు వండి సీసాల్లో పెట్టిన పండ్ల గుజ్జు, మెత్తటి అన్నం, పాలు. పాలు బాగా మరిగిస్తామని, గుజ్జు కూడా మళ్ళీ మరిగించే పెడతామని చెప్పింది. బయటిది ఒక్క తొన కూడా నోట్లో పెట్టలేదని చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఆపకుండా విని, సీసా ఒకటి తెమ్మంది.

నోయల్ బండి మీద వెళ్ళి తెచ్చాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. ఎప్పుడు వండారు, ఎంతసేపు మరిగించారు, ఎక్కడ పెట్టారు అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విన్నాక, ఇది పిల్లకు సి విటమిన్ అందక వచ్చే జబ్బని, పూర్వం నెలల తరబడి ఓడల మీద తిరిగేవాళ్ళకి వచ్చేదని, దీన్ని స్కర్వీ అంటారని చెప్పింది. పండులో ఉన్నవన్నీ ఒకే తీరుగా ఉండవంది. తీపి నిలుస్తుంది, పీచు నిలుస్తుంది, అందుకే పిల్ల బొద్దుగా ఉంది. సి విటమిన్ మాత్రం వేడికి పోతుంది, గాలికి పోతుంది, వెలుతురులో నెలల తరబడి నిలవుంటే మిగిలిందీ పోతుంది. ఆపిల్లో, బేరిపండులో మొదలే అది తక్కువ. మళ్ళీ మళ్ళీ మరిగిస్తే ఇంక ఏముంటుంది? తల్లిపాలలో ఉంటుంది, డబ్బా పాలలో కలుపుతారు, మరిగించిన ప్యాకెట్ పాలలో దాదాపు ఉండదు.

నోయల్ ముఖం నల్లబడిపోయింది. "అంటే దాని తల్లే దానికి జబ్బు తెచ్చిందంటారా?"

అలా అనలేదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ అమ్మాయి క్రిములు చేరకూడదని చూసింది, ఆ పని చక్కగా చేసింది. గడ్డకట్టించి దాచి ఉంటే సి విటమిన్ చాలావరకు ఉండిపోయేది. దుకాణంలో అమ్మే గుజ్జులో కూడా మరిగేటప్పుడు పోతుంది, అందుకని వాళ్ళు చివర్లో విడిగా కలుపుతారు. ఇది ఇంట్లో వండేవాళ్ళకి ఎవరు చెబుతారు? తప్పు ఎవరిదని అనుకోవద్దు, పిల్లకు సి విటమిన్ చుక్కలు వెయ్యండి, నారింజ రసం పట్టండి అంది. సీసాలు మాత్రం పారేయండి అని వెళుతూ వెళుతూ మళ్ళీ చెప్పింది. సపోటాలాంటి పులుపు లేని పండుని ఇంట్లో అలా మూతపెట్టి నెలలు ఉంచితే ఒక్కోసారి లోపల విషం పుట్టవచ్చు, అది వాసనకి కూడా తెలియదు.

సువర్ణకుమారి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంది. డబ్బా పాలు మాన్పించింది తను. సీసాలో ఎంతో కొంత మిగిలి ఉంటే దాన్ని గిన్నెలో వేసి చంపేసిందీ తనే. బస్తీలో పోయిన బిడ్డ కోసం మొదలుపెట్టిన మరిగింపు ఈ బిడ్డ ఎముకల్లోకి వచ్చింది. "నోయల్, నాను కూడా సేశానురా ఇది" అని అంది. అతను వినిపించుకోలేదు. సీసాకి మూత బిగించి జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంటున్నాడు.

చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాక పిల్ల వేగంగా తేరుకుంది. మొదట ఏడుపు తగ్గింది. తరవాత ఒక ఉదయం సువర్ణకుమారి పక్క సర్దుతుండగా ప్రసన్న కుడికాలు ఎత్తి దుప్పటిని తన్నింది. ఆమె అలాగే మంచం పట్టె పట్టుకుని, పిల్ల మళ్ళీ తన్నేదాకా చూస్తూ కూర్చుంది.

నోయల్ సీసాలు పారేయలేదు. కిటికీ పక్క బల్ల ఖాళీ అయింది గాని అవి అతని గదిలో ఇనప బీరువాలోకి చేరాయి. తాళం అతని దగ్గరే ఉండేది. సువర్ణకుమారి ఒకటి రెండుసార్లు ఎత్తింది. ఉండనీ అమ్మా, పిల్లకు పెట్టడం లేదు గదా అన్నాడు. ఆమె కూడా ఉండనీ అనుకుంది. భార్య చీరలు దాచుకునే మగవాళ్ళు లేరా?

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం ఆమె పాటల అభ్యాసానికని చర్చికి బయలుదేరి, కళ్ళజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నోయల్ పిల్లను ఒళ్ళో పెట్టుకుని చెంచాతో తినిపిస్తున్నాడు. ప్రసన్న రెండు కాళ్ళూ ఆడిస్తోంది. గదిలో ఉడికిన సపోటా వాసన. అతని ముఖంలో ఆ వెనకటి వెలుగు ఉంది.

అతను తల్లిని చూసి దాచడానికి ప్రయత్నించలేదు. "చుక్కలు వేస్తున్నాం గదా" అన్నాడు. "దీనితో పాటు కాస్త ఇది. ఏం పోతుంది?"

"డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

"ఆవిడ అలాగే చెబుతుంది. శైలూ నిలబడలేక స్టూలు మీద కూర్చుని వండింది. నువ్వు చూడలేదా?"

"సూశాను."

"మరి?"

సువర్ణకుమారి దగ్గరికి వెళ్ళి సీసా చేతిలోకి తీసుకుంది. తీసి పక్కన పెట్టిన మూత మధ్యలో కొద్దిగా పైకి ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ లేచింది. ఇదివరకు అన్ని మూతలూ లోపలికి పీక్కుని ఉండేవి. మూతను కొడుకుకి చూపించింది. పైపైన కొంచెం తీసేశానని, అడుగున బాగుందని అతను చెప్పాడు. ఆ మాటతో ఆమెకు ఇక చెప్పేది ఏమీ లేదని తెలిసిపోయింది.

ఆ రాత్రంతా పిల్ల ఊపిరి వింటూ కూర్చుంది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళాక జోగమ్మను పిలిచి పిల్లను అప్పగించింది. గదిలోకి వెళ్ళి పాంట్లన్నీ వెతికితే తాళం చెవి దొరకలేదు. సుత్తి తెచ్చి బీరువా గొళ్ళెం విరగ్గొట్టింది. సీసాలను బుట్టలో పెట్టి విడతలు విడతలుగా వెనక కాలవ దగ్గరికి మోసింది. ఒక్కొక్క మూతే తిప్పి ఒక్కొక్క సీసాయే వంచింది. కొన్ని సులువుగా జారాయి, కొన్ని గట్టిపడి గరిటెతో గీస్తేగాని రాలేదు. ఎక్కువ సీసాలు చెడిపోలేదు, మంచి వాసనే వస్తోంది. అదే ఆమెకు కష్టమైంది. ఆపిల్ గుజ్జు కాలవ నీళ్ళలో కలిసి బూడిదరంగులోకి తిరిగి, ఆకులకి అంటుకుంటూ కొట్టుకుపోయింది.

జోగమ్మ పిల్లను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఒక్కటి ఉంచక్కా" అంది. "ఆడి పేణం ఆటిమీదే ఉంది. ఒక్కటైనా ఉంచు, సూసుకుంటాడు."

సువర్ణకుమారి చేతిలో ఉన్న సీసాతో ఆగింది. ఉంచుదామనే అనిపించింది. ఉంచితే అతను దాన్ని చూసుకుంటూ ఊరుకోడు. ఏదో ఒక సాయంత్రం, ఒక్క చెంచాయే కదా అని తీస్తాడు. ఆమె మూత తిప్పింది.

"నాకు తెలుసు జోగీ, ఆడు తీత్తాడు" అంది.

సీసాలన్నీ కడిగి, ఎండలో బోర్లించి, పిల్లకు నారింజ రసం పట్టి పడుకోబెట్టి, ఆమె గుమ్మంలో కూర్చుంది. షిఫ్టు బస్సు దిగి నోయల్ నడిచి వస్తుంటే దూరం నుంచే కనిపించాడు. బోర్లించిన సీసాలు అతనికీ కనిపించాయి. నడక ఆగింది. కేకలు వేస్తాడనుకుంది. వెయ్యలేదు. వచ్చి గోడ పక్కన గొంతుక్కూర్చుని ఒక సీసా తీసి లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. తడి తప్ప ఏమీ లేదు. ఇంకొకటి తీశాడు. అలా వరసలో చాలా సీసాలు చూశాక, కింద పెట్టేసి, తలెత్తకుండానే అన్నాడు.

"నీకు శైలూ అంటే ఎప్పుడూ ఇష్టం లేదు."

"మొదట్లో నేదు" అంది సువర్ణకుమారి. "నిజమే. తరవాత ఉంది."

"పెళ్ళిలో అన్నం తినలేదు నువ్వు."

ఆమె ఇన్నాళ్ళూ అతను గమనించలేదనుకుంది.

అతను లేచి, రేపటి నుంచి పగలు పిల్లను జోగమ్మ పిన్ని చూసుకుంటుందని, తల్లిని కాసిడీహ్‌లో దింపేస్తానని చెప్పాడు. గొంతులో కోపం లేదు. అందుకనే ఆమె బతిమాలలేదు. చుక్కలు ఎప్పుడు ఎన్ని వెయ్యాలో, పాలు ఒక్క పొంగుకే దించాలని, డబ్బా పాలు మళ్ళీ మొదలుపెట్టమని జోగమ్మకు చెప్పి, బట్టలు సర్దుకుంది. బండి మీద వెనక కూర్చుని కొడుకు భుజం పట్టుకోకుండా సీటు పట్టుకుంది. ఇంటి ముందు దింపి, సంచి గుమ్మంలో పెట్టి, అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ ఆరాధనకు నోయల్ రాలేదు. కొడుకూ మనవరాలూ ఎక్కడని అందరూ అడిగితే పిల్లకు జలుబని చెప్పింది. ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి తీసి మళ్ళీ బ్లౌజులు కుట్టడం మొదలుపెట్టింది. జోగమ్మ ఫోన్ చేసి సంగతులు చెప్పేది. పిల్ల కుర్చీ పట్టుకుని నిలబడింది. పిల్ల గోడ పట్టుకుని నడిచింది. ఎడంకాలు కొద్దిగా ఈడుస్తోంది గాని అది పోతుందని డాక్టరమ్మ చెప్పిందట. పిల్ల నాయనమ్మ కోసం "దాదీ" అందా అని అడగాలనుకుని సువర్ణకుమారి ఏ రోజూ అడగలేదు.

జనవరిలో సాక్చీ బజారులో జామపళ్ళు రాశులు పోశారు. జామలో సి విటమిన్ ఎక్కువని విని, పండినవి ఏరుకుని, మధ్యాహ్నం నోయల్ డ్యూటీలో ఉండే వేళ చూసి, ఆటోలో జోగమ్మ ఇంటికి వెళ్ళి ఇచ్చి వచ్చేది. పిల్ల నిద్రలో ఉంటే నిద్రలోనే చూసి వచ్చేది. మెలకువగా ఉంటే ప్రసన్న ఆమెను చూసి మొదట జోగమ్మ చీర చాటుకి వెళ్ళేది. ఈ చేతులు పట్టుకున్నప్పుడు నొప్పి పుట్టిన రోజులు ఆ పిల్లకు ఇంకా గుర్తున్నాయేమోనని ఆమె దగ్గరికి లాక్కునేది కాదు. దూరంగా కూర్చుని వచ్చేసేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు బండి ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే నోయల్. ముందు పిల్లను కూర్చోబెట్టుకుని ఉన్నాడు. బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. మనిషి చిక్కిపోయాడు. ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"జోగమ్మ పిన్ని ఇంటికి జామపళ్ళు పంపిస్తున్నది నువ్వేనా?" అన్నాడు.

"ఔను."

ప్రసన్న హ్యాండిల్ మీద అద్దంలోకి వంగి తన పళ్ళు తనే చూసుకుంటోంది.

"గింజలు తీసి పంపు. గొంతులో పడుతున్నాయి" అన్నాడు.

అలాగేనంది సువర్ణకుమారి. లోపలికి రమ్మని అనబోయేలోపే అతను బండి ముందుకు పోనిచ్చాడు. మలుపు తిరిగేదాకా చూసి, ఆమె లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుంది. ఆదివారం బజారు సాయంత్రందాకా ఉంటుంది.